వెల్ష్ పల్లెలో పందొమ్మిదో శతాబ్దపు రైతు ఇల్లు: ఉత్తుత్తి కిటికీ, తలుపు మీద ‘డెయిరీ’ అక్షరాలు

ప్రశ్న: లోయ చివరి ఇల్లు

సభ్యులందరికీ నమస్కారం. నేను వృత్తిరీత్యా వైద్యుణ్ణి. రెండేళ్లుగా వేల్స్ నైరుతి భాగంలోని కార్మార్థెన్‌షైర్‌లో, టవీ నది లోయలో ఒక పాత రైతు ఇంట్లో కుటుంబంతో అద్దెకు ఉంటున్నాను. ఇంటివారు పక్క పొలంలో కొత్తగా కట్టుకున్న ఇంట్లో ఉంటూ ఇప్పటికీ పశువులనూ గొర్రెలనూ చూసుకుంటున్నారు. ఈ ఇల్లు 1830 ప్రాంతంలో కట్టినదనీ, అప్పట్లో తమ పూర్వీకులు ఇక్కడి ఎస్టేటుకు కౌలుదార్లనీ వారు చెప్పారు. అంతకు మించి వారికీ తెలియదు. కట్టడాల చరిత్ర తెలిసినవారు ఇక్కడ ఉన్నారు కాబట్టి నా సందేహాలు మీ ముందు పెడుతున్నాను.

ఇది రెండంతస్తుల రాతి ఇల్లు. ముందు వైపు నడిమధ్యన తలుపు, దానిపైన అర్ధచంద్రాకారపు అద్దం, తలుపుకు చెరో పక్క ఒక్కో కిటికీ, పై అంతస్తులో సరిగ్గా వాటి నెత్తినే మూడు కిటికీలు ఉన్నాయి. అన్నీ పైకీ కిందికీ జరిపే కిటికీలు. ఒక్కోదానిలో పన్నెండు చిన్న అద్దాలు. పలకరాతి కప్పు నాలుగు వైపులకూ వాలి ఉంటుంది, రెండు చివర్లా పొగగొట్టాలు. ముందు వైపు చూస్తే కాగితం మీద గీత గీసి మడతపెట్టినట్టు కుడి ఎడమలు ఒక్కటే. వెనక్కి వెళితే మాత్రం ఆ క్రమమేదీ లేదు. ఒక కిటికీ పైకి ఉంటే ఇంకొకటి కిందికి ఉంటుంది, కప్పు ఒకచోట బాగా కిందికి వంగి వస్తుంది, రాయి కూడా నాసి రకం.

నన్ను ఆలోచనలో పడేసినవి మూడు. ఒకటి, అంత శ్రద్ధగా చేసిన ఆ ముందు తలుపును ఎవరూ వాడరు. ఇంటివారు, పోస్టు తెచ్చే ఆయన, చివరికి మా పిల్లలు కూడా దొడ్డిదారినే వస్తారు. గడియ తుప్పు పట్టి ఉంటే మొన్న వేసవిలో నేనే నూనె వేసి తీశాను. రెండు, దారి వైపున్న పక్క గోడలో పై అంతస్తులో రెండు కిటికీలు కనిపిస్తాయి గాని వాటిలో ఒకటి కిటికీ కాదు. గోడలో నాలుగంగుళాల లోతు గూడు చేసి, అందులో నల్ల రంగు పూసి, తెల్ల గీతలతో అద్దాల చట్రాన్ని చిత్రించారు. మా ఊళ్లో అందరూ దాన్ని కిటికీ పన్ను ఎగ్గొట్టడానికి మూసేసిందే అంటారు. మూడు, వంటగది వెనక రెండు మెట్లు దిగితే ఒక చల్లని గది వస్తుంది. దాని తలుపు పైనున్న చెక్క మీద, ఎన్నో పొరల సున్నం కింద, ‘డెయిరీ’ అని ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తున్నాయి. అరచేతి మందాన, ఎంతో పొందికగా రాసిన అక్షరాలవి. ఇంట్లో వెల్ష్ తప్ప వేరే మాట వినిపించని కాలంలో, తమ పాలగది ఏదో తమకు తెలియని వారికి రాసినట్టు ఇంగ్లీషులో ఎందుకు రాసి ఉంటారు?

ఇవి కాక ఒక ఇబ్బంది కూడా ఉంది. నైరుతి మూల గది గోడ ఎప్పుడూ తడిగానే ఉంటుంది. చాలా ఏళ్ల క్రితం ఎవరో మేస్త్రీ చేత బయట సిమెంటు పూత వేయించారని ఇంటివారు చెప్పారు. ఈ రెండిటికీ సంబంధం ఉందా?

జవాబు: గానుగ సున్నం

నమస్కారమండీ. పాత కట్టడాల మరమ్మతులు నా వృత్తి. ఇంగ్లండు, వేల్స్ సరిహద్దు ప్రాంతంలో పన్నెండేళ్లు పనిచేశాను. మీ వర్ణన చదువుతుంటే ఇల్లు కళ్ల ముందు కనిపించింది. ముందు ‘డెయిరీ’ సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ఇంట్లో అన్నిటికన్నా విలువైన సాక్ష్యం అదే.

బ్రిటన్‌లో కిటికీల మీద పన్ను 1696లో మొదలై 1851లో రద్దయింది. మధ్యలో రేట్లూ లెక్కలూ ఎన్నోసార్లు మారాయి. 1825 తర్వాత ఎనిమిది కన్నా తక్కువ కిటికీలున్న ఇళ్లకు పన్ను లేదు. ఇప్పుడు మీ ఇంటి లెక్క చూడండి. ముందు వైపే ఐదు కిటికీలు. అంటే పక్కలకూ వెనక్కీ కలిపి ఇంకా రెండు మాత్రమే మిగులుతాయి, ఎనిమిదోది పెట్టగానే ఇల్లంతా పన్ను కిందికి వస్తుంది. అయితే పాలగదికీ, చీజ్ ఆరబెట్టే గదికీ చట్టం మినహాయింపు ఇచ్చింది. ఆ కిటికీకి అద్దం ఉండకూడదు, చెక్క పట్టీలు లేదా జల్లెడ మాత్రమే ఉండాలి. గది పేరు తలుపు మీద స్పష్టంగా రాసి ఉండాలి. పన్ను లెక్కకు వచ్చే అధికారి చదవాలి కాబట్టి ఇంగ్లీషులో రాశారు. ఇంట్లో వాళ్లు ఆ గదిని ‘లైథ్‌డీ’ అనే పిలుచుకుని ఉంటారు. పాల ఇల్లు అని దాని అర్థం. ఆ చెక్కను దయచేసి ఎవరినీ గీకనివ్వకండి. ఆ గది కిటికీ చట్రంలో పాత పట్టీల గాడులు ఏమైనా మిగిలాయేమో చూడండి. అవి కూడా దొరికితే అక్షరాలు 1851కి ముందువేనని ఇంకాస్త ధైర్యంగా చెప్పవచ్చు.

ఉత్తుత్తి కిటికీ విషయంలో మాత్రం ఊరివారి మాటతో ఏకీభవించలేను. పన్ను కోసం మూసేసిన కిటికీలు ఉన్నాయి, కాదనను. కాని పందొమ్మిదో శతాబ్దపు ఇళ్లలో కనిపించే ఇలాంటి గూళ్లలో చాలా వాటికి మొదటి నుంచీ వెనక గోడే ఉంది. దారి వైపు నుంచి వచ్చేవారికి రెండు కిటికీలు జతగా కనిపించాలి. లోపల ఆ చోట పొగగొట్టమో అడ్డుగోడో బీరువా గూడో వచ్చింది. అందుకని బయటి పొందిక చెడకుండా కిటికీ ఆకారాన్ని మాత్రం కట్టారు. తేల్చుకునే పద్ధతి కష్టమైనదేమీ కాదు. నిజంగా ఒకప్పుడు తెరిచి ఉండి తర్వాత మూసేసిన కిటికీ అయితే, లోపలి వైపు గోడలో కూడా దాని గుర్తు ఉంటుంది. గదిలోకి వెలుతురు పరుచుకునేలా రెండు పక్కలా ఏటవాలుగా కోసిన అంచులు, పైన బరువు మోసే చెక్క దూలం, నింపిన రాళ్లకూ అసలు గోడకూ మధ్య నిలువునా ఒక అతుకు కనిపిస్తాయి. మొదటి నుంచీ ఉత్తుత్తిదే అయితే లోపల ఇవేవీ ఉండవు, గూడు వెనక రాళ్లు పక్క రాళ్లతో పళ్లు కలిసినట్టు అల్లుకుని ఉంటాయి. లోపల ఆ గోడకు ఆనుకుని బీరువా ఏదైనా ఉంటే ఒకసారి జరిపించి, గోడ మీద వేళ్లతో కొట్టి చూడండి.

ఇక తడి గోడ. సంబంధం తప్పకుండా ఉంది. ఆ ప్రాంతపు గోడలు దాదాపు రెండడుగుల మందం. బయటా లోపలా రాళ్లు పేర్చి, నడుమ చిన్న రాళ్లూ మట్టీ సున్నపు గారా నింపుతారు. అలాంటి గోడ వాన నీటిని కొంత పీల్చుకుంటుంది, ఎండకూ గాలికీ తిరిగి వదిలేస్తుంది. దాని మీద సున్నపు పూత, ఏడాదికో రెండేళ్లకో వెల్ల ఉన్నంత కాలం ఆ రాకపోకలు సాగుతాయి. సిమెంటు పూత వేస్తే, దానిలో వెంట్రుకవాసి బీట పడిన చోటల్లా నీరు లోపలికి పోతుంది గాని బయటికి వచ్చే దారి ఉండదు. అట్లాంటిక్ మీదుగా వచ్చే వాన మీకు నైరుతి నుంచే కొడుతుంది. మీ తడి గది ఆ మూలనే ఉండటంలో ఆశ్చర్యం లేదు. సిమెంటు పూతను మెల్లగా, రాయి పెచ్చులు లేవకుండా తీయించి, సున్నపు పూత వేయించాలి. మంచు కురిసే నెలల్లో ఆ పని పెట్టుకోకూడదు, తడి సున్నం గడ్డకడితే రాలిపోతుంది. మన దగ్గర డంగు సున్నం పని చూసినవారికి ఈ ఓపిక ఏమిటో తెలుసు.

ఒక హెచ్చరిక. ఇల్లు రక్షిత కట్టడాల జాబితాలో ఉందేమో ముందు ఇంటివారిని కనుక్కోమనండి. వేల్స్‌లో ఆ జాబితా చూసే సంస్థ పేరు ‘కాడు’, అనుమతి స్థానిక కౌన్సిలు ద్వారా రావాలి. 2024 నవంబరు నుంచి వేల్స్‌కు దీనిపై ప్రత్యేక చట్టమే అమల్లోకి వచ్చింది. అనుమతి లేకుండా పూత తీయడం కూడా నేరం కావచ్చు.

జవాబు: పాత పటాలు

పై సభ్యుడి వివరణ చాలా బాగుంది. నేను చరిత్ర వైపు నుంచి కొంత చెబుతాను. మీ మొదటి ప్రశ్నకు, అంటే ఎవరూ వాడని ముందు తలుపుకు, జవాబు ఆ ఇల్లు ఎవరి డబ్బుతో ఎవరి కోసం లేచిందన్న విషయంలోనే ఉంది.

నైరుతి వేల్స్‌లో అంతకు ముందు రైతు ఇల్లంటే పొడుగ్గా ఒకే వరసలో ఉండేది. ఒక చివర మనుషులు, రెండో చివర పశువులు, నడుమ ఇద్దరూ లోపలికి వచ్చే నడవా ఒకటే. దాన్ని ‘టీ హీర్’ అంటారు, పొడుగిల్లు. కార్డిఫ్ శివార్లలో సెయింట్ ఫాగన్స్ అనే ఊరిలో 1948లో తెరిచిన ఆరుబయటి మ్యూజియం ఉంది. దేశం నలుమూలల నుంచి పాత ఇళ్లను రాయి రాయిగా విప్పి తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు. అందులో రాడ్నర్‌షైర్ కొండల నుంచి తెచ్చిన కిలెవెంట్ అనే పొడుగిల్లు చూస్తే ఈ అమరిక అర్థమవుతుంది. దానికి 1734లో రాతి గోడలు కట్టారు. నడవాలో నిలబడితే ఒక వైపు ఆవుల గాటి, మరో వైపు పొయ్యి. చలికాలంలో పశువు ఒంటి వెచ్చదనం మనిషికి, రాత్రి ఈనబోయే ఆవు మీద మనిషి చూపు పశువుకు, ఇద్దరికీ కలిసివచ్చే ఏర్పాటు అది.

అదే మ్యూజియంలో ల్లుయిన్ అర్ ఎయోస్ అనే రైతు ఇల్లు కూడా ఉంది. పాటకు పేరుపడ్డ నైటింగేల్ పక్షి పేరు మీద ఆ తోపుకు వచ్చిన పేరది. దాన్ని ఎక్కడి నుంచీ తేలేదు. ప్లిమత్ ఎస్టేటు వారి కౌలు పొలంలో 1820లో కట్టిన ఇల్లు, కట్టిన చోటే నిలబడి ఉంది. ఇప్పుడు లోపల 1930లలో కౌలు కుటుంబం ఎలా ఉండేదో అలా అమర్చి చూపిస్తున్నారు. కిలెవెంట్ చూసి అక్కడికి నడిచి వెళితే, ఒక్క పావుగంటలో మీకు వందేళ్ల తేడా కాళ్ల కింద తెలుస్తుంది. పశువులు ఇంట్లోంచి దొడ్డిలోకి, పాలేర్లు పొయ్యి దగ్గరి నుంచి గుర్రపుశాల అటక మీదికి వెళ్లిపోయారు. ఆ అటకను వెల్ష్‌లో గుర్రపుశాల అటక అనే అంటారు. పెళ్లికాని మగ పాలేర్లు అక్కడే పడుకునేవారు. మిగిలిన కుటుంబం మాత్రం ముందు గది, వంటగది, నడుమ మెట్లు ఉన్న కొత్త ఇంట్లోకి మారింది.

ఈ మార్పు ఎందుకు వచ్చింది? నెపోలియన్‌తో యుద్ధం సాగినన్నాళ్లూ ధాన్యానికీ పశువులకూ మంచి ధర పలికింది, కౌళ్లు పెరిగాయి. 1815 తర్వాత ధరలు పడిపోయాయి. మంచి కౌలుదారు పొలం వదిలి వెళ్లకుండా ఉండాలంటే అతనికి మంచి ఇల్లూ కొట్టాలూ ఇవ్వాలని పెద్ద ఎస్టేట్లు ఆలోచించసాగాయి. మీ లోయలోనే చూడండి. 1804లో గెల్లి ఐర్ అనే గోల్డెన్ గ్రోవ్ ఎస్టేటు జాన్ వాన్ వీలునామాతో లార్డ్ కాడర్ చేతికి వచ్చింది. అక్కడి కొత్త భవనాన్ని 1820ల చివర్లో, 1830ల మొదట్లో జెఫ్రీ వ్యాట్‌విల్ రూపకల్పనలో కట్టారు. యజమాని భవనం కొత్త రుచిలో లేస్తున్నప్పుడు ఆయన ఏజెంటు వేసే రైతు ఇళ్ల నమూనాలకు కూడా ఆ రుచి అంటుతుంది. ఆ రుచి ఇంకాస్త ముందు వచ్చింది. 1790లలో జాన్ నాష్ అనే వాస్తుశిల్పి కార్మార్థెన్‌లో ఉంటూ చుట్టుపక్కల చిన్న దొరలకు ఇళ్లు గీసిచ్చాడు. పక్క జిల్లా కెరెడిగియన్‌లోని ల్లనెర్‌ఖైరాన్ అలాంటిదే. ముందు వైపు దొర ఇల్లు, దాని వెనక పాలగది, బట్టలుతికే గది, రొట్టె కాల్చే గది, మాంసం ఉప్పు వేసే గది ఒక ముంగిలి చుట్టూ ఉంటాయి. మీ రైతు ఇల్లు దాని పేద చెల్లెలు అనుకోండి. ముందు ముఖం దొర వైపు, వెనక భాగం పొలం వైపు.

అందుకే ముందు తలుపు రోజువారీ మనుషులకు కాదు. పాస్టరు వచ్చినప్పుడు, ఎస్టేటు ఏజెంటు వచ్చినప్పుడు, పెళ్లికూతురు బయటికి వెళ్లేటప్పుడు, శవపేటిక వెళ్లేటప్పుడు దాన్ని తెరిచేవారు. తలుపు దాటగానే కుడి పక్కనో ఎడమ పక్కనో ఉన్న ముందు గదికి వెల్ష్‌లో ‘పార్లుర్’ అని పేరు, అది ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. రెండో పక్కనున్న వంటగది ‘కెగిన్’, రోమన్ల కాలంలో లాటిన్ నుంచి వెల్ష్‌లోకి వచ్చి ఇమిడిపోయిన మాట. ఒకే ఇంట్లో నడవాకు ఈ పక్క కొత్త మాట, ఆ పక్క పదిహేను వందల ఏళ్ల పాత మాట. జీవితమంతా ఆ పాత మాట ఉన్న పక్కనే గడిచింది.

మీరు ఒక పని చేయవచ్చు. 1836 చట్టం తర్వాత చర్చికిచ్చే దశమ భాగాన్ని ధాన్యంలో కాక డబ్బులో కట్టించుకోవడానికి దాదాపు ప్రతి పారిష్‌కూ, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతానికి, పెద్ద పటం గీశారు. వేల్స్ పటాలన్నిటినీ అబెరిస్ట్‌విత్‌లోని జాతీయ గ్రంథాలయం ఇంటర్నెట్‌లో ఉచితంగా చూపిస్తోంది. మీ పొలం యజమాని ఎవరు, కౌలుదారు ఎవరు, ఏ చేను పేరేమిటి, అందులో ఏం పండేది అన్నీ ఉంటాయి. ఆ తర్వాత 1851 జనాభా లెక్క చూడండి. రైతు ఎన్ని ఎకరాలు చేస్తున్నాడో, ఎందరు కూలీలను పెట్టుకున్నాడో అందులో రాయించారు. ఇంట్లో ఉన్న పాలేర్లు, పనిపిల్లల పేర్లూ వయసులూ ఉంటాయి. పటం చూసేటప్పుడు మీ ఇంటి ఆకారంతో పాటు దొడ్డిలో ఉన్న ప్రతి కట్టడం ఆకారాన్నీ గమనించండి. కొత్త ఇల్లు కట్టినప్పుడు పాత ఇంటిని కూల్చే అలవాటు ఆ రైతులకు లేదు. రాయి వృథా చేయరు, గోడ వృథా చేయరు.

జవాబు: మార్కాపురం పలక

నాకు పై మాటల్లో ఒక్కదానితో కొంచెం పేచీ ఉంది. ఆ పొందికైన ముందు ముఖం మొత్తం ఎస్టేటు రుచి అనడం కౌలుదారుకు అన్యాయం చేసినట్టవుతుంది. సొంత పొలం ఉన్న చిన్న రైతులు, ఏ ఏజెంటూ ఏ నమూనా ఇవ్వని వారు, సరిగ్గా ఇలాంటి ఇళ్లే కట్టుకున్నారు. విక్టోరియా కాలం సగం గడిచిపోయి ఇంగ్లండులో ఆ తీరు పాతబడ్డాక కూడా వేల్స్ పల్లె వడ్రంగులూ మేస్త్రీలూ దాన్నే కడుతూ వచ్చారు. ఎందుకంటే అది కట్టడానికి సులువు. నడుమ మెట్లు పెడితే నడవాకు ఎక్కువ చోటు పోదు. రెండు చివర్లా పొగగొట్టాలుంటే ప్రతి గదికీ ఒక పొయ్యి వస్తుంది, దూలాల పొడవులన్నీ ఒకటే ఉంటాయి, ఒకే కొలత కిటికీలు వరసగా చేయించవచ్చు. అందం, పొదుపు ఒక్క తాటి మీద కుదిరిన ఏర్పాటు అది. పైగా, ఇన్నేళ్లూ పశువులతో ఒకే గుమ్మం పంచుకున్న తమ తల్లులు ఇప్పుడు ఒక ముందు గదిని, అందులో ఒక బైబిలునూ గిన్నెల బీరువానూ మెరిసేలా తుడుచుకుంటూ ఉంటే, ఆ గర్వం దొర ఇచ్చింది కాదు. అది వారిదే.

అయితే ఆ గర్వం కింద నేల గట్టిది కాదన్నది కూడా నిజం. పందొమ్మిదో శతాబ్దంలో ఎక్కువ మంది ఏడాదికోసారి మారే కౌలు మీదే ఉండేవారు. కౌలుదారు సొంత ఖర్చుతో కొట్టం బాగుచేస్తే కౌలు పెంచేస్తారన్న భయం ఉండేది. 1868 ఎన్నికల్లో భూస్వామి చెప్పినవారికి కాక లిబరల్ అభ్యర్థికి ఓటేసినందుకు కార్మార్థెన్‌షైర్‌లోనూ కెరెడిగియన్‌లోనూ కౌలుదార్లను పొలాల నుంచి వెళ్లగొట్టారు. అప్పటికి ఓటు బహిరంగంగా వేయాలి, 1872లో గాని రహస్య ఓటు రాలేదు. 1893లో వేల్స్ భూమి మీద విచారణకు రాయల్ కమిషన్ వేశారు. అంటే అంత నిలకడగా కనిపించే ఆ రాతి ఇంటి లోపల, వచ్చే ఏడు ఇక్కడ ఉంటామో లేదో తెలియని కుటుంబం ఉండి ఉండవచ్చు. పక్కనే కూలీలు మట్టి గోడల గడ్డి ఇళ్లలో ఉండేవారు. ఆ మట్టి గోడను వాళ్లు ‘క్లోమ్’ అంటారు. ఆ ఇళ్లలో చాలా వరకు వానకు కరిగిపోయాయి కాబట్టి ఈ రోజు మనకు రాతి ఇళ్లే కనిపిస్తాయి, వాటినే చూసి ఆ కాలమంతా అలాగే ఉందనుకుంటాం.

నేను మార్కాపురం వాణ్ణి, బడి పలకల ఊరి వాణ్ణి కాబట్టి కప్పు గురించి చెప్పకుండా ఉండలేను. మీ ఇంటి మీద ఉన్నది బహుశా ఉత్తర వేల్స్ పలకరాయి. బెథెస్డా దగ్గరి పెన్రిన్, ల్లన్‌బెరిస్ దగ్గరి దినోర్విగ్ గనుల నుంచి ఓడల మీద తీరం వెంట అన్ని రేవులకూ పంపేవారు. తీరం వెంట పంపే పలకల మీద ఉన్న సుంకం 1831లో పోయింది. మీ ఇంటి వయసుకు ఇది సరిపోతుంది. గనిలో రాయిని ఉలితో పొరలు పొరలుగా చీల్చేవారు. ఆ పనివాళ్లు పలకల కొలతలకు దొరసానుల బిరుదులు పెట్టుకున్నారు. ఇరవై నాలుగంగుళాల పొడవు, పన్నెండంగుళాల వెడల్పు ఉంటే డచెస్. ఇరవైకి పది అయితే కౌంటెస్. పదహారుకు ఎనిమిది అయితే లేడీ. మీ ఇంటి ముందు వైపు కప్పుకు ఏ కొలత, వెనక వంగిన కప్పుకు ఏ కొలత వాడారో నిచ్చెన వేయకుండా కిందనుంచే పోల్చి చూడండి. ముందు వైపు ఒకే కొలతవి, వెనక ఏవి మిగిలితే అవి వేసి ఉంటారని నా అంచనా. ఉత్తర వేల్స్‌లో కూడా కప్పు పలకలతో పాటు బడి పలకలు చేసి దేశదేశాలకు పంపేవారు. మా ఊళ్లో గీత గీసిన ఆ నల్లటి రాయికీ మీ కప్పుకూ ఆ పాటి చుట్టరికం ఉంది.

కిటికీ అద్దాల మీద ఒక మాట. అద్దం మీద బరువును బట్టి వేసే సుంకం 1845లో రద్దయింది. ఆ తర్వాత పెద్ద అద్దాలు చవకై, పన్నెండు గళ్ల బదులు నాలుగు గళ్ల కిటికీలు వచ్చాయి. మీవి ఇంకా పన్నెండు గళ్లవే అంటున్నారు. తెల్లవారుజామున గదిలోంచి బయటి చెట్టును చూస్తూ తలను మెల్లగా పక్కకు జరపండి. చెట్టు కొమ్మ నీళ్లలో కదిలినట్టు వణికితే ఆ అద్దం పాతది.

ప్రశ్న వేసిన సభ్యుడి జవాబు: లోయ చివరి ఇల్లు

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. వెంటనే రాయలేకపోయాను, చెప్పినవన్నీ చూసి రాద్దామని రెండు వారాలు ఆగాను.

పై గదిలో ఆ గోడకు ఆనుకుని ఉన్న బట్టల బీరువాను ఇంటివారి అబ్బాయీ నేనూ కలిసి జరిపాం. వెనక ఏటవాలు అంచులు లేవు, చెక్క దూలం లేదు, అతుకు లేదు. పైగా కింది వంటగది పొయ్యి నుంచి వచ్చే పొగగొట్టం సరిగ్గా ఆ గోడలోంచే పైకి వెళుతోంది. పొయ్యి వెలిగించి గంట తర్వాత అక్కడ చెయ్యి పెడితే వెచ్చగా తగిలింది. కాబట్టి అది పుట్టుకతోనే ఉత్తుత్తి కిటికీ. ఆ అబ్బాయి తన నాయనమ్మ దగ్గరికి వెళ్లి, “పన్ను కాదట నాయనమ్మా, పొగ కోసమట” అని చెప్పి వచ్చాడు. ఆవిడ ఒప్పుకోలేదని విన్నాను.

పాలగది కిటికీకి ఇప్పుడు అద్దం ఉంది. కాని ఆ అద్దపు చట్రం తర్వాత బిగించింది. దాని వెనక అసలు చట్రంలో, కిందా పైనా, చిటికెన వేలు పట్టేటంత గాడులు వరసగా పదకొండు ఉన్నాయి. గది ఉత్తరం వైపు ఉంది, మూడు గోడలకూ నడుమెత్తున పలకరాతి బల్లలు, ఒక బల్ల మూల గుండ్రంగా అరిగిపోయింది. ఇంటివారి పెద్దావిడ ఆ అరుగుదల మీద చెయ్యి వేసి, అక్కడే వెన్న ఉప్పు కలిపేవారని చెప్పారు. తన చిన్నప్పుడు కూడా ఆ మూలనే కలిపేవారట. కార్మార్థెన్‌కు 1852లో రైలు వచ్చాక ఇక్కడి వెన్న బొగ్గుగనుల ఊళ్లకు పోయేదని మరో పెద్దాయన అన్నారు. సున్నం కింది అక్షరాలను ఎవరూ ముట్టకుండా ఒక పారదర్శకమైన పలక అడ్డు పెట్టాం. సిమెంటు పూత గురించి ఇంటివారు కౌన్సిలుకు రాశారు. వేసవి దాకా ఆగుతాం.

కప్పు విషయంలో మార్కాపురం వారి అంచనా అక్షరాలా నిజమైంది. ముందు వైపు అన్నీ ఒకే కొలత, వెనక వాలులో నాలుగైదు రకాలు కలిసి ఉన్నాయి. వాటిలో కొన్ని మందంగా, ముతకగా, వేరే రంగులో ఉన్నాయి. దగ్గర్లో ఎక్కడో తవ్విన రాయి కావచ్చు.

చివరగా పటం. దశమ భాగపు పటంలో మా పొలం దొరికింది. యజమాని పేరుగా ఎస్టేటు పేరు, కౌలుదారుగా ఇంటివారి ఇంటిపేరే ఉన్నాయి. అది చూసి పెద్దావిడ కాసేపు మాట్లాడలేదు. చేల పేర్లను ఆవిడే చదివి అర్థం చెప్పారు. ‘కై దాన్ టీ’ అంటే ఇంటి కింద చేను, ‘కై స్గిబోర్’ అంటే ధాన్యపు కొట్టు చేను. ఇప్పటికీ వాటిని అవే పేర్లతో పిలుస్తున్నారు. పటంలో ఇల్లు ఇప్పటి ఆకారంలోనే ఉంది. దొడ్డి అవతల, ఇప్పుడు దూడలను కట్టే పొడుగాటి కొట్టం కూడా ఉంది, ఇప్పటికన్నా కొంచెం పొడుగ్గా.

పాత పటాలు గారు దొడ్డిలోని ప్రతి కట్టడాన్నీ చూడమన్నారు కాబట్టి, మర్నాడు టార్చి పట్టుకుని ఆ కొట్టంలోకి వెళ్లాను. పైచివర గోడకు ఎండుగడ్డి మోపులు పేర్చి ఉన్నాయి. ఆ అబ్బాయి వాటిని తీసి పక్కన వేశాడు. వెనక, నా భుజాల కన్నా వెడల్పైన పెద్ద పొయ్యి గూడు, దాని మీద చేత్తో చెక్కిన ఓక్ దూలం, లోపల రాళ్లకు ఇంకా నల్లటి మసి. పొయ్యి పక్కన గోడలో ఉప్పు పెట్టె కోసం చేసిన చిన్న చదరపు గూడు ఉంది. ఆ రాళ్లు మాత్రం మసి అంటకుండా తెల్లగా ఉన్నాయి. కొట్టం దిగువ చివర నేల వాలుగా ఉంది, పేడ నీళ్లు బయటికి పోయే కాలువ అప్పటిదే. ఆ అబ్బాయి పుట్టినప్పటి నుంచీ రోజూ ఆ కొట్టంలోకి వస్తున్నాడు. పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, తలెత్తి పొగగొట్టం లోంచి ఆకాశం కనిపిస్తుందేమోనని చూశాడు. పైన పలకరాళ్లతో కప్పేశారు. దూడలు మా వెనక ఒకదాన్నొకటి తోసుకుంటూ, వాటి చోటును మేమెప్పుడు ఖాళీ చేస్తామా అని నిలబడ్డాయి.